జ్ఞానతండ్రి చెప్పిన నిజం

“నా వీసా ఫైల్లో దోమ దూరే సందు కూడా లేదు!” అని రోడెల్ ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి ఊరందరికీ చెప్పాడు. ఊరందరూ అంటే పూజకి వచ్చినవాళ్ళు, వాళ్ళని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన కుక్కలు, రోడ్డుకి అవతల డీజిల్ కొట్టించుకుంటున్న ఒక లారీ డ్రైవరు. డ్రైవరు చెయ్యి కూడా ఊపాడు.

మంగళవారం మధ్యాహ్నానికి ఆ లేని సందులోంచి ఏనుగు దూరింది, మావటివాడితో సహా.

ఏనుగు ఫోన్లో వచ్చింది. సిడ్నీలో ఉండే వీసా ఏజెంటమ్మ చేసింది. మూడు దాటాక అన్నానికి ఇంటికొచ్చిన రోడెల్ వంటింట్లో నిలబడి, “అవును మేడమ్... లేదు మేడమ్... అయ్యో మేడమ్” అంటూ విడతలు విడతలుగా పాలిపోయి, చివరికి బియ్యం డబ్బా మీద కూలబడ్డాడు.

ఆ ఇంట్లో బియ్యం డబ్బా మీద కూర్చోవడమంటే మామూలు సంగతి కాదు. సముద్రం అవతల సొంత దేశంలో, బటాంగస్‌లో, తుఫానుకి పుట్టింటి పైకప్పు లేచిపోయి పక్కవాళ్ళ పందుల దొడ్డి మీద వాలిందని తెలిసినప్పుడు మారివిక్ కూర్చుంది. మళ్ళీ ఇవాళ రోడెల్.

“ఏమైంది?” అంది మారివిక్, చేతిలో గరిటెతో.

“మనం బంధువులమట.”

“ఎవరికి?”

“నెవ్‌కి.”

మారివిక్ గరిటె వంక చూసింది, అది కూడా ఏమైనా బంధువేమోనన్నట్టు. “ఏ నెవ్? మన నెవ్వా?”

“ఊళ్ళో ఇంకో నెవ్ ఉన్నాడా!”

లేడు. కనుచూపు మేరా గోధుమ చేలు తప్ప ఏమీ లేని ఆ ఊరికి నెవ్ హాబ్డే ఒక్కడే. కోత యంత్రాలు బాగుచేసే షెడ్డు ఆయనది. అందులో రోడెల్ మెకానిక్. ‘ఈ మనిషి లేకపోతే నా షెడ్డు నడవదు, ఇతన్ని ఈ దేశంలోనే ఉండిపోనివ్వండి’ అని నెవ్ ప్రభుత్వానికి నామినేషన్ రాసిచ్చాడు. ఆ నామినేషన్ మీద రోడెల్ పీఆర్, అంటే శాశ్వత నివాసం, వేలాడుతోంది. రోడెల్ పీఆర్ మీద మారివిక్‌దీ, మారివిక్ చంకలో ఉన్న కొడుకు నెవిలిటోదీ వేలాడుతున్నాయి. ద్రాక్షగుత్తి లాగ. పైన తొడిమ ఒక్కటే.

“మొన్న గురువారం వీసా ఆఫీసరు షెడ్డుకి ఫోన్ చేశాట్ట,” అన్నాడు రోడెల్. “ఉద్యోగం నిజంగా ఉందా లేదా అని వాకబు. నెవ్ ఎత్తాడు. ‘రోడెల్‌తో మీకేమైనా బంధుత్వం ఉందా’ అని అడిగితే...”

“అడిగితే?”

“‘ఉంది. వాడు మా ఇంటివాడే’ అన్నాట్ట.”

“అయ్యో! ‘ఏ బంధుత్వమూ లేదు’ అని దరఖాస్తులో రాశాం కదా!”

“అదే కదా ఏడుపు. ఇప్పుడు వాళ్ళ అనుమానం ఏంటంటే, షెడ్డులో అసలు పనే లేదు, ఎవడో చుట్టాన్ని నిలబెట్టుకోడానికి ముసలాయన లేని ఉద్యోగం పుట్టించాడని.”

“లేని ఉద్యోగమా! నీ చొక్కాలు ఉతికిన నీళ్ళు సీసాలో పట్టి పంపిస్తా వాళ్ళకి. మూత తియ్యంగానే తెలుస్తుంది ఉందో లేదో.”

“ఇది పోతే పోనీ బావా, మళ్ళీ వేసుకోవచ్చు కదా?” అంది సింకు దగ్గర నిలబడ్డ లెంగ్‌లెంగ్. గొంతు చాలా మామూలుగా ఉండేలా చూసుకుంది.

“మళ్ళీయా? నవంబర్లో నాకు నలభై ఐదు నిండుతాయి మరదలా. ఆ తర్వాత దరఖాస్తు పట్టుకుని వెళ్తే తలుపు కూడా తియ్యరు. ఇది పోతే ఇంకంతే. పెట్టెలు సర్దుకోవడమే.”

వంటింట్లో చింతపండు పులుసు ఒక్కటే మాట్లాడుతోంది.

లెంగ్‌లెంగ్ వెల్లుల్లి వలుస్తోంది. ఒకే రెబ్బ. పొట్టు అయిపోయి చాలాసేపైంది. ఇప్పుడు రెబ్బనే వలుస్తోంది. ఇంకాసేపు ఇలాగే సాగితే వెల్లుల్లి పుట్టకముందు ఏముండేదో లోకానికి తెలిసిపోయేలా ఉంది.

లెంగ్‌లెంగ్ మారివిక్‌కి చెల్లెలు. ముసలివాళ్ళకి సేవ చేసే చదువేదో ఆ ఊళ్ళోనే చదువుతోంది. కుట్టుమిషనుకీ పాటలు పాడుకునే కరవోకే పెట్టెకీ మధ్య మిగిలిన జాగాలో పడుకుంటుంది. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎండుచేప ముఖం కన్నా ప్రశాంతంగా ఉంటుంది. పరీక్షకి ముందు కోడిపుంజు దగ్గర సెలవు తీసుకుని వెళ్ళడం మా ఆచారం అని క్లాసంతా నమ్మేలా చెప్పింది ఒకసారి. ఆ రోజు ఒకమ్మాయి పరీక్షకి ఆలస్యంగా వచ్చింది. వాళ్ళ వీధిలో కోడి దొరకలేదట.

ఏనుగు ఏ సందులోంచి దూరిందో ఆ ఇంట్లో తెలిసింది లెంగ్‌లెంగ్‌కి ఒక్కదానికే. సందు కొట్టింది ఆమే కాబట్టి.

“నువ్వేం చెప్పావు ఆయనకి?” మారివిక్ మొగుడి మీద పడింది.

“నేనా? నేనేం చెప్తాను!”

“చిన్నోడి జ్ఞానస్నానం రోజు ఆయన మెడకాయ పట్టుకుని వేలాడింది ఎవరు? ‘అన్నా, నీదీ నాదీ ఒకే రక్తం’ అని ఏడ్చింది ఎవరు? ఆయన చొక్కా తడిసి, మార్చుకోడానికి ఇంటికెళ్ళొచ్చాడు పాపం.”

“అది పాట మధ్యలో అన్నాను! మైకు చేతిలో ఉన్నప్పుడు అన్న మాటలు లెక్కలోకి రావు.”

“ఆఫీసరు అడిగాడా, మైకులో అన్నావా మామూలుగా అన్నావా అని?”

“అసలు బాస్‌ని జ్ఞానతండ్రిగా పెట్టమన్నది ఎవరు? మీ అమ్మ! ‘అన్నం పెడుతున్న మనిషిని అడక్కపోతే ఆయన ముఖాన ఉమ్మినట్టేరా’ అని ఫోన్లో శాపనార్థాలు పెట్టింది ఎవరు?”

“మా అమ్మ మాట తియ్యకు. మీ ఊళ్ళో మాత్రం? నీ జ్ఞానతండ్రి ఎవరు, చెప్పు!”

రోడెల్ కాస్త తగ్గాడు. “మునిసిపల్ ఇంజినీరు.”

“ఎప్పుడైనా చూశావా ఆయన్ని?”

“...పోస్టర్లో.”

అది వాళ్ళ దేశంలో అందరూ చేసే పనే. బిడ్డ పుడితే అందుబాటులో ఉన్న పెద్దమనిషిని జ్ఞానతండ్రిని చేస్తారు. మేయరో, ఇంజినీరో, పని ఇచ్చిన యజమానో. ఆ రోజు నించి బిడ్డ తండ్రీ, జ్ఞానతండ్రీ ఒకరినొకరు ‘కుంపారే’ అని పిలుచుకోవాలి. పెద్దమనిషి నవ్వి, ఫోటో దిగి, మళ్ళీ కనపడడు. అందరికీ తెలిసిన ఏర్పాటే.

నెవ్‌కి మాత్రం తెలీదు. ఆయన నిజంగా తీసుకున్నాడు.

పెళ్ళి లేదు, తోబుట్టువులు లేరు, తల్లిని పూడ్చిన రోజు నించి చర్చి గడప తొక్కలేదు. అలాంటి మనిషి జ్ఞానస్నానానికి టై కట్టుకుని వచ్చాడు. టై మీద గొర్రెల సంత కంపెనీ గుర్తు ఉంది. ‘కుంపారే’ అన్న మాట వారంలో నేర్చుకుని, ఇంకో వారంలో ఊరందరికీ నేర్పాడు. ఇప్పుడు పబ్బులో గ్లాసు ఎత్తేటప్పుడు ఆరడుగుల గోధుమ రైతులు కూడా ‘కుంపారే’ అంటున్నారు.

ఆ జ్ఞానస్నానం విందులోనే, కాయితం పళ్ళెంలో నూడుల్స్ పెట్టుకుని, ఆయన మెల్లిగా లెంగ్‌లెంగ్ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“పిల్లా, ఇప్పుడు నేనేం చెయ్యాలి? అంటే, ఈ జ్ఞానతండ్రి ఉద్యోగానికి?”

అంత చిత్తశుద్ధితో అడిగిన మనిషికి నిజం చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. లెంగ్‌లెంగ్‌కి అనిపించలేదు.

“పెద్దగా ఏం లేదు మావయ్యా. క్రిస్మస్‌కి బహుమతి ఇవ్వాలి. కనిపించినప్పుడు దీవించాలి. ఇంకోటుంది, అది మాత్రం జాగ్రత్త.”

“ఏంటది?”

“నువ్వు ఈ బిడ్డకి గాని, వాడి అమ్మానాన్నలకి గాని ఏమవుతావని బయటివాళ్ళు ఎవరైనా అడిగితే, ‘మా ఇంటివాడే’ అనాలి. కాదన్నావనుకో, బిడ్డకి పళ్ళు రావు.”

నెవ్ నమలడం ఆపేశాడు. “ఒక్కటి కూడానా?”

“మా పెదనాన్న కొడుకు ఉన్నాడు. వాడి జ్ఞానతండ్రి ఒకసారి బస్సులో, ‘వీడెవడో నాకు తెలీదు’ అన్నాట్ట, టికెట్ కొనాల్సొస్తుందని. అంతే. ఇప్పుడు వాడు బ్యాంకు మేనేజరు. గంజి తాగి బతుకుతున్నాడు.”

సాయంత్రానికి నవ్వేసి నిజం చెప్పేద్దామనే అనుకుంది. కానీ నెవ్ పళ్ళెం కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, ఉయ్యాల్లో ఉన్న నెవిలిటో నెత్తి మీద అరచెయ్యి ఉంచి, ఏదో గొణిగాడు. వెనక్కి తిరిగినప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. అది చూశాక ‘ఉత్తినే అన్నాను మావయ్యా’ అనడానికి ఎంత మొండిదానికైనా నోరు రాదు. రేపు చెప్దాంలే అనుకుంది. ఆ రేపు ఇంకా రాలేదు.

నెవిలిటోకి తొమ్మిదో నెల. పన్ను మాత్రం మొలవలేదు. నెవ్ వచ్చినప్పుడల్లా వేలు శుభ్రంగా కడుక్కుని చిగుళ్ళు తడిమి చూసి, నిట్టూర్చి, ‘నేనెక్కడైనా నోరు జారానా’ అని తలగోక్కుంటూ వెళ్తాడు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మారివిక్ లాక్కుంది. విన్నది, తలూపింది, గ్యాసు బిల్లు వెనక ఏదో రాసుకుంది. పెట్టేశాక ఊపిరి పీల్చుకుంది.

“దారి ఉంది. నెవ్ చేత ప్రమాణపత్రం ఇప్పించాలట. మాకూ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదని, ముసలితనంలో ప్రేమకొద్దీ అలా అనేశాడని. ఈ దేశంలో దానికి నోటరీ అక్కర్లేదట, మందుల షాపాయన ముందు సంతకం పెట్టినా చెల్లుతుందట. ఇవాళే పంపితే మంచిదంది.”

రోడెల్ బియ్యం డబ్బా మీంచి లేచాడు. అతను లేచిన తీరు చూసి నెవిలిటో కూడా చప్పట్లు కొట్టాడు.

“అంతేనా! ఈ మాత్రానికి నన్ను చంపేశారే. నెవ్ సంతకానికి ఏం కరువు? మొన్న ఎవరివో గొర్రెలు మన షెడ్డు దగ్గర దింపితే వాటికీ సంతకం పెట్టాడు. రెండ్రోజులు మేపాం.”

లెంగ్‌లెంగ్ వెల్లుల్లి రెబ్బ పక్కన పెట్టేసింది. గొర్రెలకి పెడతాడు. దీనికి పెట్టడు. బయటివాడి ముందు నిలబడి, ఆ బిడ్డ నాకేమీ కాడని రాతపూర్వకంగా చెప్పడమా? చెయ్యి నరుక్కుంటాడు కానీ చెప్పడు.

“బావా, ఇంకో దారి చూద్దామా? ఆయనకి చెవుడని చెప్దాం.”

“చెవుడు లేదు కదా.”

“యంత్రాల మోతలో సగం పోయే ఉంటుంది. ‘బంధుత్వం ఉందా’ అంటే ‘బందోబస్తు ఉందా’ అనుకున్నాడని...”

“నోర్మూసుకుని ఉల్లిపాయ కొయ్యి,” అంది మారివిక్.

మారివిక్ బల్ల దగ్గర కూర్చుని తెల్లకాయితం మీద రాయడం మొదలెట్టింది. ఆమె దస్తూరీ ముగ్గేసినట్టుంటుంది. ‘రోడెల్ మగ్‌పాంటయ్ కుటుంబానికీ నాకూ రక్తం వల్ల గాని, పెళ్ళి వల్ల గాని, మరే విధంగా గాని బంధుత్వం లేదు. అతను నా దగ్గర పనిచేసే మనిషి మాత్రమే.’

ఆఖరి మాట దగ్గర కలం ఆగింది.

“ఈ ‘మాత్రమే’ ఉండాలంటావా?”

“ఏజెంటమ్మ చెప్పిందా?”

“చెప్పింది.”

“అయితే ఉండనీ,” అన్నాడు రోడెల్, కిటికీలోంచి బయటికి చూస్తూ. “చిన్నగా రాయి,” అని కలిపాడు.

బయట బండి ఆగిన చప్పుడైంది. నాలుగింటి పలహారానికి నెవ్ వచ్చాడు. రోజూ వస్తాడు. ఆయన బండి శబ్దానికి ఊళ్ళో గడియారాలు సరిచేసుకుంటారని లెంగ్‌లెంగ్ తన క్లాసులో చెప్పింది. ఇద్దరు నమ్మారు.

“నేను లోపలికి తీసుకొస్తా!” అని, ఎవరూ అడగకుండానే ఉల్లిపాయ వదిలేసి పరిగెత్తింది.

నెవ్ ఎప్పటిలాగే నిక్కరూ, మోకాళ్ళ దాకా మేజోళ్ళూ వేసుకుని, బండి వెనక నించి ఒక అట్టపెట్టె దింపుతున్నాడు. ముఖం మీద ఈగలు వాలుతున్నా తోలుకోవడం లేదు. వాటికీ ఆయనకీ ఎప్పుడో రాజీ కుదిరింది.

“ఏం పిల్లా, ఎదురొచ్చావు? ఇదిగో, మటన్. మీ అక్కకి చెప్పు, ఈసారి పులుసులో వెయ్యొద్దని. వేసినా తింటాననుకో.”

“మావయ్యా, నీతో ఒక మాట చెప్పాలి.”

“నేనే నీకొక మాట చెప్పాలి. ముందు నాది విను.” అట్టపెట్టెని గేటు మీద ఆనించి, గొంతు తగ్గించాడు. “గురువారం ఫోనొచ్చింది. ప్రభుత్వం వాళ్ళు. రాడ్ గురించి.” రోడెల్ పేరు ఆయన నోట్లో ఎప్పుడూ రాడ్ అనే పలుకుతుంది.

“అవునా,” అంది లెంగ్‌లెంగ్ నీరసంగా.

“పని సంగతులన్నీ అడిగాడు. గేర్‌బాక్సు ఎవరు విప్పుతారు, కోతలప్పుడు ఎన్నింటికొస్తాడు, అన్నీ చెప్పా. తర్వాత సూటిగా అడిగాడు, అతనితో మీకు బంధుత్వం ఉందా అని. నాకు వెంటనే చిన్నోడి చిగుళ్ళు కళ్ళ ముందు కనపడ్డాయి.”

“మావయ్యా...”

“విను. ‘ఉంది, మా ఇంటివాడే’ అన్నా. ‘బాగా ఆలోచించి చెప్పండి’ అన్నాడు. ‘ఆలోచించా, మా ఇంటివాడే’ అన్నా. మూడోసారి కూడా అడిగాడు పిల్లా! నాకు చిన్నప్పటి ఆదివారం బడి గుర్తొచ్చింది. కోడి కూసేలోగా పేతురు తన ప్రభువు ఎవరో తెలీదని మూడుసార్లూ కాదన్నాడు కదా? నేను మూడుసార్లూ అవునన్నా. నువ్వు కోడి కూసేదాకా అడిగినా ఇదే మాట అని ఫోను పెట్టేశా.”

ఆయన ఛాతీ అట్టపెట్టెని రెండంగుళాలు ముందుకి తోసింది.

లెంగ్‌లెంగ్ చెయ్యి చాచి అట్టపెట్టె అందుకుంది.

“నీ మాటేంటి?” అన్నాడు నెవ్.

“...పులుసు చల్లారిపోతోంది.”

లోపల మర్యాదలు మొదలయ్యాయి. రోడెల్ కుర్చీ తుడిచాడు. మారివిక్ అన్నం కొండలా పోసి, పక్కన నూడుల్స్, పక్కన వేయించిన అరటిపళ్ళు పెట్టింది. ఒకరికేసి ఒకరు చూసుకుంటున్నారు. చావు కబురు చల్లగా చెప్పడం ఎలాగో మొగుడికి పెళ్ళాం, పెళ్ళానికి మొగుడు వదిలేస్తున్నారు.

“ఏంటి, ఇవాళ ఎవరిదైనా పుట్టినరోజా?” అన్నాడు నెవ్.

“లేదు బాస్.”

“బాస్ ఏంట్రా? కుంపారే అను.”

“కుంపారే,” అన్నాడు రోడెల్, దొంగసొత్తు తిరిగి ఇస్తున్నవాడిలాగ. “అది కాదు, ఒక చిన్న కాయితం...”

“ఆగు. ముందు నా పని.” నెవ్ లేచి, సింకు దగ్గర సబ్బుతో వేలు కడుక్కుని, నెవిలిటోని ఒళ్ళోకి తీసుకున్నాడు. “ఏరా నా పేరుగాడా. ఆ అను.”

నెవిలిటో ఆ అన్నాడు. వేలు కింది చిగురు మీదుగా వెళ్ళింది. మధ్యలో ఆగింది. వెనక్కొచ్చింది. మళ్ళీ ఆగింది.

నెవ్ ముఖంలో రంగు మారింది.

“గరుగ్గా ఉంది.”

“ఏంటి?” అంది మారివిక్.

“పన్ను! పన్నమ్మా! వచ్చింది! చెంచా ఇవ్వు, చెంచా!” చెంచాతో తడితే టక్కుమంది. ఆ ఇంట్లో అంత చిన్న శబ్దం అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. ముసలాయన బిడ్డని గాల్లోకి ఎత్తాడు. “చూశారా! గురువారం చెప్పా, మంగళవారానికి మొలిచింది! పనిచేసింది!”

మారివిక్ నవ్వబోయి ఆగింది. “గురువారం ఏం చెప్పారు?”

“అదే, ఫోన్లో. మా ఇంటివాడే అని. మూడుసార్లు.”

“దానికీ పన్నుకీ సంబంధం ఏంటి నెవ్ గారూ?”

“అదేంటమ్మా, మీ ఆచారమే కదా! జ్ఞానతండ్రి కాదంటే పళ్ళు రావని. మీ చుట్టం ఒకాయన లేడూ, గంజి తాగే బ్యాంకు మేనేజరు!”

రోడెల్ పెళ్ళాం వంక చూశాడు. “మీ చుట్టాల్లో బ్యాంకు మేనేజరు ఉన్నాడా?”

“మా చుట్టాల్లో బ్యాంకు గుమ్మం ఎక్కినవాడే లేడు,” అంది మారివిక్. “ఎవరు చెప్పారు నెవ్ గారూ మీకు ఇది?”

నెవ్ రెండు చేతుల్లోనూ బిడ్డ ఉన్నాడు. అందుకని, వాళ్ళు ఇన్నాళ్ళూ నేర్పిన పద్ధతిలోనే, పెదాలు ముందుకి చాచి, మూలకి చూపించాడు.

మూలన లెంగ్‌లెంగ్ ఉంది. ఇప్పటికి బియ్యం డబ్బా మీద కూర్చునే వంతు ఆమెకొచ్చింది.

“ఒసే లెంగ్,” అంది మారివిక్ చాలా మెల్లగా. మారివిక్ అరిస్తే భయం లేదు. మెల్లగా మాట్లాడితేనే పారిపోవాలి.

“సరదాకన్నాను అక్కా.”

“ఏమన్నావు?”

“పళ్ళు రావని. కాదంటే. నమ్ముతాడనుకోలేదు. నమ్మాక, చెప్దామనుకున్నాను. ఒట్టు. రోజూ అనుకున్నాను.” మాటలు తోసుకుంటూ వచ్చాయి. “ఆఫీసరు ఫోన్ చేస్తాడని నాకేం తెలుసు బావా? బస్సులో ఎవరైనా అడుగుతారేమో అనుకున్నా. ఆయన అసలు బస్సే ఎక్కడు కదా అనుకున్నా!”

రోడెల్ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అది చూడ్డం కన్నా గరిటె దెబ్బ నయం అనిపించింది లెంగ్‌లెంగ్‌కి.

నెవ్ బిడ్డని నెమ్మదిగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. “అంటే,” అన్నాడు, “చిన్నోడి పన్ను దానంతటదే వచ్చిందా?”

“అవును మావయ్యా.”

“నేను ఫోన్లో చెప్పినదానివల్ల కాదు.”

“కాదు.”

“మరి నేను చెప్పినదానివల్ల ఏం వచ్చింది?”

రోడెలే చెప్పాడు. ఆఫీసరు అనుమానం, నవంబరు, నలభై ఐదు, అన్నీ. ఒక్క మాట కూడా పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు. చెప్పి, బల్ల మీది కాయితం ముందుకి జరిపాడు. “దీని మీద మీ సంతకం కావాలి బాస్. మందుల షాపాయన ముందు పెట్టాలి. అయిదున్నరకి మూసేస్తాడు.”

నెవ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడు. ఆయన చదివేది వేలితో. వేలు ముగ్గులాంటి అక్షరాల వెంట నడిచి, ఆఖరి వరస దగ్గర, చిన్నగా రాసిన మాట మీద ఆగింది. పన్ను దొరికినప్పుడు ఆగినట్టే ఆగింది.

“రాడ్, నీ కోసం నేను ఏ కాయితం మీదైనా సంతకం పెడతాను. నీకు తెలుసు అది.”

“తెలుసు బాస్.”

“కానీ ఇది ప్రమాణం. ఇందులో రాసింది నిజం అయితేనే పెట్టాలి. ఆ షాపాయన కూడా అదే అడుగుతాడు, ఇది నిజమేనా అని.” ఆయన బియ్యం డబ్బా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “పిల్లా, పళ్ళ సంగతి నువ్వు కల్పించావు. సరే, బాగానే కల్పించావు. ఆ బ్యాంకు మేనేజరు కోసం నేను రెండుసార్లు ప్రార్థన కూడా చేశా. మిగతాది?”

“మిగతాదంటే?”

“నేను ఈ ఇంటివాణ్ణన్నది. అది కూడా నీ కల్పనేనా? అది తెలిస్తే చాలు. కల్పనే అయితే ఈ కాయితం నిజం. ఇప్పుడే బండి తీస్తా.”

రోడెల్ తల ఎత్తాడు. మారివిక్ గరిటె గట్టిగా పట్టుకుంది. గోడ మీది గడియారం అయిదుకి దగ్గరపడుతోంది. నెవిలిటో కొత్త పన్నుతో జ్ఞానతండ్రి చొక్కా గుండీ కొరుకుతున్నాడు.

జవాబు లెంగ్‌లెంగ్‌కి తెలుసు. ‘అవును మావయ్యా, అదీ ఉత్తిదే.’ అంతే. ఎన్ని వందల అబద్ధాలాడిందో, వాటిలో ఒక్కటీ ఎవరికీ పైసా ఉపయోగపడలేదు. ఇది ముగ్గురిని నిలబెట్టే అబద్ధం. ముఖం కూడా సిద్ధం చేసుకుంది, ఎండుచేప ముఖం. అక్క కళ్ళు ‘అనేయవే’ అంటున్నాయి. బావ కళ్ళు ఏమంటున్నాయో తెలియలేదు. అతను చూపు తిప్పేసుకున్నాడు.

నెవ్ ఎదురుచూస్తున్నాడు. జ్ఞానస్నానం నాటి టై ఇవాళ లేదు గానీ, కూర్చున్న తీరు అదే.

ఎండుచేప ముఖం నిలవలేదు. కళ్ళ దగ్గర మొదలై, గడ్డం దాకా కరిగిపోయింది.

“పళ్ళు ఒక్కటే అబద్ధం మావయ్యా,” అంది లెంగ్‌లెంగ్, ముక్కు తుడుచుకుంటూ. “అవి ఒక్కటే నేను కల్పించాను. మిగతాది కాదు.”

నెవ్ తలూపాడు. కళ్ళజోడు తీశాడు, మడిచాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాయితాన్ని రెండు వేళ్ళతో, చాలా నెమ్మదిగా, సంతకం పెట్టకుండానే రోడెల్ వైపుకి వెనక్కి జరిపాడు.